రెండు 37ల మధ్య

సంక్రాంతి వెళ్ళిన మర్నాడు సకినం కొరుకుతూ మా అమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది. నోట్లోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుని నా వైపు చాపింది. దవడ పంటి మీది క్యాపు. పన్నెండేళ్ళ కింద వేయించుకున్నది. కడిగి, కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశాను. పైనుంచి చూస్తే అచ్చం పన్నే. నమిలే గుంటలు, మధ్యలో సన్నటి గాడి, చెంప వైపు పింగాణీ నునుపు. వెనక్కి తిప్పితే లోపలంతా బోలు. బూడిదరంగు లోహపు గోడ, అడుగున అంటుకున్న సిమెంటు పెచ్చు, ఒక అంచున గోధుమరంగు మరక. ఆ మరక సంగతి తర్వాత చెప్తాను.

మా అమ్మమ్మకు ఈ బాధ తెలియదు. అరవై దాటేసరికే ఆమె నోట్లో ఒక్క పన్నూ లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక తమలపాకు, వక్క, సున్నం చిన్న ఇనుపరోట్లో వేసుకుని దంచుకునేది. ఆ టకటక వినబడిందంటే అమ్మమ్మ భోజనం అయిందని లెక్క. క్యాపు ఊడాలన్నా ముందు నోట్లో పన్నుండాలి. ఇక్కడ చెప్పబోయే అంకెలన్నీ ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి.

ఒక దేశంలో పెద్దవాళ్ళలో ఎంతమందికి క్యాపులున్నాయి, ఊడిన పంటి చోట కట్టే బ్రిడ్జిలు ఎంతమందికున్నాయి, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ సంఖ్య ఎలా మారింది అని తెలియాలంటే ఇంటింటికీ వెళ్ళి, నోరు తెరిపించి, పన్ను పన్నూ లెక్కబెట్టాలి. అదీ ఒక్కసారి చేస్తే చాలదు, తరం తర్వాత తరం చెయ్యాలి. ఆ పని ఓపికగా చేసిన దేశం బ్రిటన్. 1968లో ఇంగ్లండ్, వేల్స్‌లతో మొదలుపెట్టి 1978, 1988, 1998, 2009లలో పెద్దవాళ్ళ పళ్ళ మీద సర్వేలు జరిపారు. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో జరిగిన 2009 సర్వేలో 6,469 మంది నోళ్ళను దంతవైద్యులే స్వయంగా పరీక్షించి చూశారు. క్యాపుల కథ చెప్పడానికి అందుకే బ్రిటన్ దాకా వెళ్తున్నాను.

ఆ సర్వేల వరుసలో 37 అనే అంకె రెండుసార్లు కనిపిస్తుంది. 1968లో ఇంగ్లండ్, వేల్స్ పెద్దవాళ్ళలో నూటికి 37 మందికి సొంత పన్ను ఒక్కటి కూడా లేదు. నలభై ఒక్క ఏళ్ళ తర్వాత, 2009లో, పళ్ళున్న పెద్దవాళ్ళలో నూటికి 37 మందికి కనీసం ఒక క్యాపు ఉంది. మొదటి 37 బోసినోళ్ళది, రెండో 37 తొడుగులు వేసిన పళ్ళది. మొదటి దాని నుంచి రెండో దానికి ఎలా వచ్చారన్నదే అసలు కథ.

మొదటి 37ను ముందు చూద్దాం. 16 ఏళ్ళు దాటిన ప్రతి ముగ్గురిలో ఒకరికి మించి బోసినోరంటే ఈ రోజు నమ్మబుద్ధి కాదు. అప్పట్లో బ్రిటన్‌లో పన్ను నొప్పి చేస్తే పీకించుకోవడమే వైద్యం. ఎప్పటికైనా అన్నీ ఊడేవేగా, ఖర్చూ నొప్పీ ఒక్కసారే పోతాయని పడుచు వయసులోనే పళ్ళన్నీ తీయించి కట్టుడు పళ్ళు పెట్టించుకునేవాళ్ళు. కొన్ని ప్రాంతాల్లో పెళ్ళికి ముందు పిల్లకు ఆ ఖర్చు పుట్టింటివాళ్ళే కానుకగా పెట్టుకునేవారు. మొగుడికి మున్ముందు డాక్టరు బిల్లులు తప్పుతాయని! 1948 జులైలో జాతీయ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్ఎస్, మొదలై పంటి వైద్యం ఉచితం కాగానే జనం కట్టుడు పళ్ళ కోసం ఎగబడ్డారు. మొదటి తొమ్మిది నెలల్లోనే 3 కోట్ల 30 లక్షలకు పైగా కృత్రిమ దంతాలు అమర్చారు. ఖర్చు తట్టుకోలేక 1951లో కట్టుడు పళ్ళకు, కళ్ళజోళ్ళకు రుసుము పెడితే, ఆ సేవను స్థాపించిన అన్యూరిన్ బెవన్ మంత్రి పదవికే రాజీనామా చేశాడు. ఒక దేశ రాజకీయాల్ని పళ్ళ సెట్లు కదిలించిన రోజులవి.

ఆ తర్వాత బోసినోళ్ళ సంఖ్య పడిపోతూ వచ్చింది. యునైటెడ్ కింగ్‌డమ్ మొత్తం మీద 1978లో నూటికి 30, 1988లో 21, 1998లో 13. 2009లో సర్వే జరిగిన మూడు ప్రాంతాల్లో 6. ఒకే మనిషికి ఊడిన పళ్ళు మళ్ళీ మొలవలేదు కదా. పళ్ళు లేని తరం వెళ్ళిపోయి, ఆ స్థానంలోకి పళ్ళున్న తరం ముసలితనానికి వచ్చింది. తగ్గుదల అంతా అలా జరిగిందే. పళ్ళ విషయంలో దేశం మారడమంటే తరం మారడం. అందుకే ఈ అంకెలు అంత నెమ్మదిగా, అంత కచ్చితంగా నడుస్తాయి.

ఇప్పుడు రెండో 37. దీన్ని విడదీస్తే గాని బలం తెలియదు. వందమంది పెద్దవాళ్ళను తీసుకోండి. 94 మందికి పళ్ళున్నాయి. అందులో నూటికి 37 చొప్పున అంటే దాదాపు 35 మంది నోళ్ళలో క్యాపులున్నాయి. క్యాపున్న ఒక్కొక్కరికి సగటున 3. అంటే వందమంది నోళ్ళలో కలిపి వందకు పైగా క్యాపులు. మనిషికొకటి! ఆ మూడు ప్రాంతాలకూ కలిపి సర్వే వేసిన అంచనా 4 కోట్ల 76 లక్షలు. బ్రిడ్జిలు మాత్రం చాలా తక్కువ, పళ్ళున్నవాళ్ళలో నూటికి 7 మందికే. ఈ తేడా ఎందుకన్నదీ చెప్తాను, అది పంటి పని స్వభావంలోనే ఉంది.

బోసినోళ్ళు తగ్గి క్యాపులు పెరగడం వైద్యం గెలిచిందనడానికి గుర్తా, పళ్ళు పాడైపోయాయనడానికి గుర్తా? రెండూనని నా అభిప్రాయం. 1940ల నుంచి 1970ల దాకా పుట్టినవాళ్ళను గురించి న్యూకాసిల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జిమ్మీ స్టీల్ వాడిన మాట ఒకటుంది: ‘హెవీ మెటల్’ తరం. వాళ్ళలో పెద్దవాళ్ళ చిన్నతనంలోనే, 1953 సెప్టెంబరులో, చక్కెర రేషన్ ఎత్తేశారు. ఫ్లోరైడ్ టూత్‌పేస్టు అందరి ఇళ్ళకూ చేరింది 1970ల్లో గాని కాదు. ఆ మధ్య కాలంలో వాళ్ళ పళ్ళు విపరీతంగా పుచ్చాయి. అయితే వాళ్ళ అమ్మానాన్నల్లా పీకించుకోలేదు. ఎన్‌హెచ్ఎస్ దంతవైద్యుడు పుచ్చు తవ్వి వెండిరంగు లోహం నింపాడు. ఆ ఫిల్లింగు పదేళ్ళకో పదిహేనేళ్ళకో అరిగి, అంచున లీకై, మళ్ళీ పుచ్చితే తీసి ఇంకాస్త పెద్ద గొయ్యి చేసి మళ్ళీ నింపాలి. రెండు మూడు విడతలయ్యాక గొయ్యి చుట్టూ మిగిలేది పల్చటి గోడలే. ఒక రోజు గింజ కొరికితే ఆ గోడ విరుగుతుంది. అప్పుడు మిగిలిన దారి క్యాపే. పదిహేనేళ్ళ పిల్లవాడి మొదటి ఫిల్లింగుకు, యాభై ఏళ్ళ మనిషి క్యాపుకు మధ్య ఇలాంటి వరస ఉంటుంది. ఆ తరంలో క్యాపులు నడివయసులో దట్టంగా కనిపించడానికి కారణం ఇదే.

క్యాపులు పెరగడానికి ఇంకో కారణం పనిముట్లు. పంటి పైపొర ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. పాత బెల్టు డ్రిల్లుతో దాన్ని చెక్కడమంటే డాక్టరుకూ రోగికీ ఇద్దరికీ నరకం. 1957లో అమెరికా దంతవైద్యుడు జాన్ బోర్డెన్ గాలితో తిరిగే టర్బైన్ డ్రిల్లు తెచ్చాడు. నిమిషానికి సుమారు 3 లక్షల చుట్లు. ఇప్పటికీ మన దగ్గర పళ్ళ డాక్టరు గదిలో వినబడే ఆ సన్నటి కూత దానిదే. అరగంటలో పన్ను చుట్టూ చెక్కడం కుదిరింది. 1962లో లోహం మీద పింగాణీ అతికించి కాల్చే పద్ధతికి పేటెంటు వచ్చింది. దాంతో క్యాపు గట్టిగానూ, పంటి రంగులోనూ ఉండటం సాధ్యమైంది. మా అమ్మ చేతిలోని క్యాపు ఆ వంశానిదే. అంతకు ముందు బంగారం. అమెరికా ప్రభుత్వ లెక్కలో ఔన్సు 35 డాలర్లున్న బంగారం 1980 జనవరికల్లా 800 డాలర్లు దాటాక, క్యాపుల్లో దాని స్థానంలోకి నికెల్, క్రోమియం లాంటి చవక లోహాలు వచ్చాయి. ఇప్పుడు జిర్కోనియా అనే గట్టి పింగాణీ.

ఇంత వాడుకలో ఉన్న క్యాపు పంటికి ఏం చేస్తుందో కూడా అంకెల్లోనే చూడాలి. కొలిచి చూస్తే, పూర్తి క్యాపు కోసం చెక్కినప్పుడు చిగురు పైనున్న పంటిలో 63 నుంచి 72 శాతం పోతుంది. దాదాపు మూడింట రెండు వంతులు. మిగిలేది నడుమ ఒక చిన్న మొద్దు. ల్యాబులో అచ్చు తీసిన ప్లాస్టర్ దవడ మీద నేనోసారి చూశాను. వరసగా నిండు పళ్ళు, మధ్యలో ఒక్కటి మాత్రం చెక్కిన పెన్సిల్ ములుకంత. చూస్తేనే జాలేసింది. అది పుచ్చి, గోడలు విరిగిన పన్నయితే పోయేదేం లేదు, ఉన్నదాన్ని కాపాడుతున్నారు. నరం తీసేసిన దవడ పంటికి, అంటే రూట్ కెనాల్ అయిన దానికి, క్యాపు చాలాసార్లు ప్రాణరక్షే. 2002లో అమెరికాలోని అయోవా పరిశోధకులు ప్రచురించిన లెక్క ప్రకారం, రూట్ కెనాల్ అయ్యాక క్యాపు వేయని పళ్ళు వేసినవాటి కంటే ఆరు రెట్లు ఎక్కువగా ఊడిపోయాయి. బాగున్న పన్నును అందం కోసం అంతగా చెక్కించుకోవడం వేరే సంగతి. దాన్ని నేను సమర్థించలేను.

బ్రిడ్జి ఎందుకు తక్కువో ఇక్కడే అర్థమవుతుంది. ఊడిన పన్ను ఒకటి. దాని చోట బ్రిడ్జి కట్టాలంటే అటు ఒకటి, ఇటు ఒకటి, రెండు పక్క పళ్ళనూ ఇలాగే ములుకులుగా చెక్కాలి. లేని ఒక్కదాని కోసం ఉన్న రెండింటిని ఖర్చు పెట్టడం. ఆ రెండూ ఆరోగ్యంగా ఉంటే ఏ మంచి డాక్టరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. పైగా మూడు పళ్ళ బరువు రెండు పళ్ళ వేర్ల మీదే పడుతుంది. పక్క పళ్ళను చెక్కకుండా వెనక రెక్కతో అతికించే మేరీలాండ్ బ్రిడ్జి, ఎముకలో బిగించే ఇంప్లాంటు వచ్చాక పాత బ్రిడ్జికి అవసరం ఇంకా తగ్గింది. అన్నిటికీ మించి, బ్రిటన్‌లో చాలామంది లోపల కనబడని దవడ పన్ను ఊడితే ఖాళీగానే వదిలేస్తారు. 20 పళ్ళుంటే నోరు బాగానే పనిచేస్తుందని వైద్యశాస్త్రం కూడా ఒప్పుకుంది. జపాన్ 1989లో మొదలుపెట్టిన ప్రచారం పేరే ‘8020’, అంటే 80 ఏళ్ళకు 20 పళ్ళు. మొదట్లో ఆ వయసువాళ్ళలో పదిమందిలో ఒకరికి కూడా 20 పళ్ళు లేవు. 2016 సర్వేకల్లా నూటికి 51 మందికి ఉన్నాయి.

క్యాపు వేస్తే ఎన్నేళ్ళొస్తుంది? అందరూ అడిగే ప్రశ్న. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఎన్‌హెచ్ఎస్ కింద వేసిన నలభై ఏడు వేల పైచిలుకు క్యాపుల రికార్డులు పట్టుకుని పదేళ్ళ పాటు ఏమయ్యాయో చూశారు. పదేళ్ళ దాకా ఆ పంటికి మళ్ళీ ఏ పనీ పడనివి పూర్తి లోహపు క్యాపుల్లో 68 శాతం, లోహం మీద పింగాణీ వేసినవాటిలో 62 శాతం, ఉత్త పింగాణీవి 48 శాతం. అవి అప్పటి పింగాణీలు, ఇప్పటి జిర్కోనియా కాదు. మళ్ళీ పని పడిందంటే పన్ను పోయిందనీ కాదు. ఊడితే తిరిగి అతికించడం కూడా అందులోకే వస్తుంది. అయినా, ఒకసారి వేయిస్తే ఇక జీవితాంతం చూసుకోనక్కర్లేదు అనే నమ్మకానికి ఈ అంకెలు ఒప్పుకోవు. 4 కోట్ల 76 లక్షల క్యాపులున్న చోట ఏటా లక్షల క్యాపులకు మరమ్మతు కాలం వస్తూనే ఉంటుంది.

క్యాపుల సంఖ్య మీద పంటి జబ్బుకున్నంత ప్రభావం డాక్టరు జీతం లెక్కకూ ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2006 ఏప్రిల్ దాకా దంతవైద్యుడికి పనికింత అని చెల్లించేవారు, ఒక్కో క్యాపుకు ఒక్కో రుసుము. ఆ నెల నుంచి పద్ధతి మార్చి వైద్యాన్ని మూడు తరగతులు చేశారు. క్యాపు, బ్రిడ్జి, కట్టుడు పళ్ళు మూడో తరగతిలోకి వచ్చాయి. ఒక విడత వైద్యంలో ఒక క్యాపు వేసినా నాలుగు వేసినా డాక్టరుకు చెల్లింపు లెక్కలో దక్కేవి అవే 12 పాయింట్లు. ల్యాబు ఖర్చు మాత్రం నాలుగింతలు. ఏం జరుగుతుందో ఊహించడానికి పెద్ద ఆర్థికశాస్త్రం అక్కర్లేదు. 2008లో బ్రిటన్ పార్లమెంటు ఆరోగ్య కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం క్యాపులు, బ్రిడ్జిల్లాంటి పెద్ద పనులు దాదాపు సగానికి పడిపోయాయి, రూట్ కెనాళ్ళు 45 శాతం తగ్గాయి. రెండేళ్ళలో ఒక దేశం పళ్ళన్నీ బాగుపడవు కదా! 2009 సర్వేలో దొరికిన 37 శాతం చాలామటుకు పాత పద్ధతి కట్టిపెట్టిన ఆస్తి. క్యాపుల సంఖ్య చూసి ఒక దేశం పళ్ళ ఆరోగ్యాన్ని అంచనా వేసేవాళ్ళు ఆ దేశంలో డాక్టరుకు డబ్బెలా ముడుతుందో ముందు చూసుకోవాలి.

రోగి వైపు నుంచి చూస్తే, ఇంగ్లండ్‌లో మూడో తరగతి రుసుము 2006లో 189 పౌండ్లు, 2024 ఏప్రిల్‌లో 319 పౌండ్ల 10 పెన్నీలు. అప్పటి మారకంలో 33 వేల రూపాయల పైచిలుకు. అదీ ఎన్‌హెచ్ఎస్ కింద తీసుకునే డాక్టరు దొరికితేనే. ప్రైవేటులో ఇంకా చాలా ఎక్కువ. అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు పెళ్ళి పనులతోపాటు పళ్ళ పనీ ముగించుకుని వెళ్ళడం అందుకే. మూడు వారాల సెలవులో రూట్ కెనాలు, అచ్చు, క్యాపు అన్నీ అవ్వాలి. ఆ తొందర నాకు నచ్చదు. నరం తీసిన పన్ను కుదుటపడిందో లేదో చూసుకునే వ్యవధి దానికి ఉండాలి.

మన దగ్గర పరిస్థితి వేరు. డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2002-03లో జరిపిన దేశవ్యాప్త సర్వేలో 35-44 ఏళ్ళ వయసువాళ్ళలో నూటికి దాదాపు 80 మందికి పుచ్చు పళ్ళ బాధ కనబడింది. పుచ్చినవాటిలో ఎక్కువ భాగం వైద్యం అందనివే. అంటే మన చాలా ఊళ్ళలో మనుషులు ఇంకా మొదటి 37కు, రెండో 37కు నడుమ ఎక్కడో ఉన్నారు. నల్లగొండ, ప్రకాశం జిల్లాలకు ఇంకో కథ కూడా ఉంది. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే జబ్బును మన దేశంలో మొట్టమొదట 1937లో వైద్యపత్రికకెక్కించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు పడతాయి. పుచ్చు కాకపోయినా, పెళ్ళిచూపుల నాటికి ఆ పళ్ళకు తొడుగులు వేయించమని తల్లిదండ్రులు డాక్టరు దగ్గర కూర్చుంటారు. అక్కడ క్యాపుకు కారణం మిఠాయి కాదు, ఊరి బోరుబావి. ఇలాంటి ఊళ్ళో క్యాపుల లెక్క తీస్తే అది పంటి వైద్యం గురించి చెప్పేదానికన్నా తాగునీటి పథకం గురించి చెప్పేదే ఎక్కువ.

బ్రిటన్‌లో ఇక ముందు క్యాపులు ఏ వైపు వెళ్తాయన్నది కూడా ఇప్పటి అంకెల్లోనే ఉంది. ఫ్లోరైడు పేస్టుతో పెరిగిన తరాలకు ఫిల్లింగులే తక్కువ. గొయ్యి లేని పంటికి క్యాపు అవసరం రాదు. కాబట్టి కుర్రవాళ్ళలో క్యాపులు తగ్గుతాయి. హెవీ మెటల్ తరం మాత్రం తన క్యాపులన్నీ వెంటబెట్టుకుని డెబ్భైల్లోకి, ఎనభైల్లోకి వెళ్తోంది. ఆ వయసులో చిగురు జారుతుంది, మందుల వల్ల నోరు ఎండుతుంది, చేతులు వణికి బ్రష్షు సరిగ్గా అందదు. క్యాపు పుచ్చదు గాని, క్యాపు అంచుకూ చిగురుకూ మధ్య బయటపడ్డ వేరు పుచ్చుతుంది. పళ్ళ సెట్టయితే రాత్రికి గిన్నెలో వేసి నర్సు కడిగేది. నోట్లో బిగించి ఉన్న పన్నెండు క్యాపుల్ని మతిమరుపు వచ్చిన మనిషికి ఎవరు శుభ్రం చేస్తారు? వృద్ధాశ్రమాల్లో పనిచేసేవాళ్ళకు ఇది ఇప్పటికే రోజువారీ సమస్య.

మా అమ్మ క్యాపు అంచున ఉన్న గోధుమ మరకా అదే. డాక్టరుగారు ఎక్స్‌రే తీసి తెరమీద చూపించారు. తెల్లటి పంటి అంచున నల్లగా ఒక చిన్న నెలవంక. "క్యాపు బాగానే ఉందమ్మా, కిందే కొద్దిగా పుచ్చింది. మళ్ళీ ఇదే అతికిస్తే ఆర్నెల్లు కూడా ఆగదు" అన్నారు. పుచ్చు గీకి, కొత్తగా అచ్చు తీసుకున్నారు. వారం తర్వాత జిర్కోనియా క్యాపు వేశారు. అమ్మ కుర్చీలోంచి లేస్తూ, "ఇదెన్నాళ్ళొస్తది డాక్టరుగారూ?" అని అడిగింది. ఆయన జవాబు చెప్పకుండా సొరుగులోంచి చిన్న చీపురులాంటి సన్నటి బ్రష్షు తీసి, అద్దం ముందు ఆమె చేతే క్యాపు అంచు చుట్టూ తోమించారు. ఒకసారి కాదు, వంకర పోకుండా వచ్చేదాకా మూడుసార్లు. పాత క్యాపు కాగితంలో చుట్టి ఇచ్చారు. అమ్మ దాన్ని ఇంటికి తెచ్చి, అటక మీంచి దింపించిన అమ్మమ్మ ఇనుపరోట్లో వేసి పెట్టింది.